కంప్యూటర్‌కి తన ర్యామ్ సంగతి అంతా తెలుసు, ఓనర్‌కి ఎందుకు చెప్పదు?

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ టెక్ పేజీ నేను వదలకుండా చదువుతాను. కంప్యూటర్ స్లో అయితే ఏం చెయ్యాలి అని అప్పుడప్పుడు టిప్స్ వేస్తుంటారు, అక్కర్లేని ప్రోగ్రాములు తీసెయ్యండి, స్టార్టప్‌లో ఉన్నవి ఆపెయ్యండి, వైరస్ స్కాన్ చేసుకోండి అని, అవన్నీ మంచి సలహాలే, కాదనను. కానీ చివర్లో ఒక్క లైను ఉంటుంది చూడండి, ఇవన్నీ చేసినా స్లోగానే ఉంటే ర్యామ్ (నడుస్తున్న ప్రోగ్రాముల్ని కంప్యూటర్ పెట్టుకునే మెమరీ) పెంచుకోండి అని, కొత్తగా కంప్యూటర్ వాడేవాళ్ళు సరిగ్గా అక్కడే ఆగిపోతున్నారు. ఏ ర్యామ్? ఎంత? నా మెషిన్‌లో అసలు పడుతుందా? మూత విప్పితే వారంటీ పోతుందా? వీటిలో ఒక్కదానికీ జవాబు ఎక్కడ దొరుకుతుందో వాళ్ళకి తెలీదు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నా. కొంచెం పెద్దదైంది, కుదించాల్సొస్తే కుదించండి గానీ విషయం మాత్రం పక్కన పెట్టొద్దని మనవి.

చేతిపనిగా చూస్తే ర్యామ్ వెయ్యడం చాలా చిన్న పని. స్క్రూలు విప్పడం, స్టిక్‌ని స్లాట్‌లో పెట్టి నొక్కడం, మూత పెట్టెయ్యడం, స్క్రూడ్రైవర్ పట్టుకోవడం వచ్చిన ఎవరైనా చెయ్యగలరు. ఆఫీసులో తోటివాళ్ళకి, చుట్టాలకి, తెలిసినవాళ్ళకి నేను దగ్గరుండి వాళ్ళ చేతే వేయించాను, మొదలుపెట్టేదాకా వణికిపోతారు, అయిపోయాక "ఇంతేనా" అంటారు. కష్టమంతా దానికి ముందే ఉంది, ఏది కొనాలి అన్న దగ్గర. ఆ కష్టం అసలు పడాల్సిన అవసరమే లేదని నేనంటాను, ఎందుకంటే కావాల్సిన వివరాలు దాదాపు అన్నీ ఆ మెషిన్ దగ్గరే ఉన్నాయి, అది మనకి చెప్పట్లేదు అంతే.

ఎలాగో చెప్తాను. ర్యామ్ స్టిక్ మీద మెమరీ చిప్స్ కాకుండా ఇంకో బుల్లి చిప్ ఉంటుంది, ఎస్‌పీడీ అంటారు దాన్ని. ఆ స్టిక్ ఎన్ని జీబీ, ఏ తరం (డీడీఆర్3, 4, 5 అనేవి ఆ తరాల పేర్లే), ఎంత స్పీడు, ఎంత వోల్టేజి, ఎవరు తయారుచేశారు, ఇవన్నీ అందులో రాసి ఉంటాయి. డీడీఆర్3లో ఆ చిప్ 256 బైట్లు, డీడీఆర్4లో 512, డీడీఆర్5లో 1024. కంప్యూటర్ ఆన్ చెయ్యగానే మొదట నడిచే బయోస్ అనే ప్రోగ్రాము దాన్ని చదివి, దాన్నిబట్టే మెమరీని సెట్ చేసుకుంటుంది. ఇది కాక బయోస్ ఇంకో పట్టిక తయారుచేసి ఆపరేటింగ్ సిస్టమ్ చేతికి ఇస్తుంది, ఈ బోర్డులో మెమరీ స్లాట్లు ఎన్ని, ఏ స్లాట్‌లో ఏముంది, ఏది ఖాళీగా ఉంది, మొత్తం ఎన్ని జీబీ దాకా పడుతుంది అని. లినక్స్‌లో డీఎంఐడీకోడ్ అనే కమాండ్ కొడితే ఈ పట్టికంతా బయటికొస్తుంది, విండోస్‌లో కూడా కమాండ్లు తెలిస్తే తీయొచ్చు. అంటే సమాచారం లేక కాదు, నల్ల స్క్రీన్‌లో కమాండ్ కొట్టడం తెలిసినవాళ్ళకే అది కనిపిస్తోంది.

పాత సంగతి ఒకటి చెప్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. 1981లో ఐబీఎం పీసీ వచ్చినప్పుడు మదర్‌బోర్డు మీద మెమరీ 16 కేబీతో మొదలై 64 కేబీ దాకా పెంచుకునే వీలుండేది, దానికి చిప్స్‌ని ఒక్కొక్కటిగా సాకెట్లలో గుచ్చాలి, గుచ్చేటప్పుడు ఒక్క కాలు వంగితే అంతే సంగతులు. అంతా అయ్యాక బోర్డు మీదున్న బుల్లి స్విచ్చుల్ని అటూ ఇటూ జరిపి, ఇదిగో ఇంత మెమరీ వేశాను అని మెషిన్‌కి మనిషే చెప్పాలి. తర్వాత చిప్స్ అన్నీ ఒక చిన్న బోర్డు మీద పెట్టిన మాడ్యూల్స్ వచ్చాయి, పెంటియం రోజుల్లో 72 పిన్నులవి మామూలుగా జతలుగానే వెయ్యాల్సొచ్చేది. ఆ తర్వాత ఇప్పుడు మనం చూస్తున్న స్టిక్కులు, డిమ్‌లు అంటారు వీటిని. ఒక తరం స్టిక్ ఇంకో తరం స్లాట్‌లో దూరకుండా కింద అంచున ఒక గాటు పెట్టారు, డీడీఆర్3కి ఒకచోట, డీడీఆర్4కి ఇంకోచోట, డీడీఆర్5కి వేరేచోట. ఈ కొలతలన్నీ జెడెక్ అనే సంస్థ పెడుతుంది కాబట్టి ఏ కంపెనీ స్టిక్ అయినా ఒకేలా ఉంటుంది, ఎవరు చేశారో గానీ ఈ గాటు ఆలోచనకి చేతులెత్తి దణ్ణం పెట్టాలి, ఎన్ని బోర్డుల్ని కాపాడిందో. ఇలా నలభై ఏళ్ళలో చేతిపని సులువైపోయింది. మెషిన్‌కి మనం చెప్పే పని కూడా పోయింది, అదే చదువుకుంటుంది. మరి అది చదువుకున్నది మనకి చెప్పే పని మాత్రం ఎవరూ పూర్తిచెయ్యలేదు.

పూర్తిచెయ్యలేదు అని ఎందుకంటున్నానంటే కొంత చేశారు. విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, అందులో పర్ఫార్మెన్స్, తర్వాత మెమరీ. మొత్తం ఎంత, ఇప్పుడెంత వాడుతోంది, స్పీడెంత, స్లాట్లలో ఎన్ని నిండాయి, ఇవి కనిపిస్తాయి. ఈ ఉత్తరం చదివేవాళ్ళు ఇప్పుడే ఒకసారి చూసుకోండి. కాకపోతే అన్నీ మూసేసి చూస్తే లాభం లేదు, రోజూ వాడే ప్రోగ్రాములు, బ్రౌజర్ ట్యాబులు అన్నీ తెరిచి పెట్టి చూడాలి. అప్పుడు మెమరీ 90 శాతం పైన నిలబడిపోయి ఉంటే ర్యామ్ చాలట్లేదన్నమాట. చాలనప్పుడు విండోస్ కొంత సరుకుని డిస్క్ మీదకి నెట్టి, అవసరమైనప్పుడు మళ్ళీ తెచ్చుకుంటూ ఉంటుంది, డిస్క్ అనేది ర్యామ్ కంటే ఎన్నో రెట్లు నిదానం, అందుకే ఒక విండో నుంచి ఇంకో విండోకి వెళ్ళగానే స్క్రీన్ తెల్లబోయి మౌస్ చుట్టూ చక్రం తిరుగుతూ కూర్చుంటుంది. అలా కాకుండా మెమరీ సగమే నిండి డిస్క్ మాత్రం 100 శాతం చూపిస్తూ ఉండి, లోపల పాత తిరిగే హార్డ్ డిస్క్ ఉంటే, ముందు దాని బదులు ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, స్పీడైన డిస్క్) వేసుకోవాలి, ర్యామ్ తర్వాత చూసుకోవచ్చు. ఈ ముక్క ఎవరూ చెప్పక అనవసరంగా ర్యామ్ కొనుక్కున్నవాళ్ళు ఉన్నారు.

సరే, అదే పేజీలో ఏం లేదో కూడా చూడండి. ఎంత దాకా పెంచుకోవచ్చో ఉండదు. చాలా మెషిన్లలో అది డీడీఆర్3నా 4నా 5నా అన్నది కూడా కనపడదు. ఫామ్ ఫ్యాక్టర్ అని ఒక లైను ఉంటుంది, అక్కడ డిమ్ అని ఉంటే డెస్క్‌టాప్‌లో వేసే పొడుగు స్టిక్, సుమారు 13 సెంటీమీటర్లు, సోడిమ్ అని ఉంటే ల్యాప్‌టాప్‌లో వేసే పొట్టిది, సుమారు 7 సెంటీమీటర్లు. ఈ మాత్రం తెలీక డెస్క్‌టాప్ ర్యామ్ కొని ల్యాప్‌టాప్ పక్కన పెట్టుకుని చూసేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు, వాళ్ళ తప్పేం లేదు. ఇంక కొన్ని ల్యాప్‌టాప్‌లలో అదే లైన్లో "రో ఆఫ్ చిప్స్" అని వస్తుంది. అంటే ఏంటో తెలుసా అండీ? ఈ ర్యామ్‌ని బోర్డుకే సోల్డర్ చేసేశారు, దాన్ని తీసి మార్చడం మీ వల్ల కాదు అని. ఎవరికి అర్థమవుతుంది అది? సొంత డబ్బుతో కొన్న మనిషికి చెప్పాల్సిన అన్నిటికంటే ముఖ్యమైన మాట అక్కడ ఉంది, కానీ ఆ మాట బోర్డు డిజైన్ చేసేవాళ్ళ భాషలో ఉంది.

నేను కోరేది ఇలాంటి ఒక పేజీ. సెట్టింగ్స్‌లో మెమరీ అని నొక్కగానే, వాడే మనిషి పెట్టుకున్న భాషలో, ఇలా రావాలి: "మీ ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ ఉంది. రెండు స్లాట్లలో ఒకటి ఖాళీ. డీడీఆర్4 ల్యాప్‌టాప్ ర్యామ్, 3200 స్పీడుది, 8 లేదా 16 జీబీది కొని వేసుకోవచ్చు. మొత్తం 32 జీబీ దాకా పడుతుంది." సోల్డర్ చేసినదైతే "ఈ మోడల్లో ర్యామ్ పెంచడం కుదరదు" అని ముక్కుసూటిగా రావాలి. ఇంతే కదా కావాల్సింది. దాన్ని ఫోన్‌తో ఫొటో తీసుకుని వెళ్ళి అమ్మేవాళ్ళకి చూపిస్తే ఇంక రెండో ప్రశ్న ఉండదు. దీనికోసం కొత్తగా కనిపెట్టాల్సింది పెద్దగా ఏం లేదు, ఉన్న పట్టికని మాటల్లో పెట్టడమే.

ఇక్కడ తెలిసినవాళ్ళు ఒక అభ్యంతరం చెప్తారు, ఆ పట్టికని నమ్మడానికి లేదు అని. నిజమే. డీఎంఐడీకోడ్ రాసినవాళ్ళే దాని మాన్యువల్లో హెచ్చరించారు, ఈ పట్టికల్లో వివరాలు తప్పుగానో సగం సగంగానో ఉండటం మామూలే అని. 16 జీబీ దాకా పడే బోర్డు 8 అనే చెప్పొచ్చు, లేని స్లాట్ ఉందని కూడా చూపించొచ్చు. కానీ ఆ పట్టిక నింపేది ఎవరు? కంప్యూటర్ తయారుచేసే కంపెనీయే కదా. ఎవరూ చూడరులే అని ఒక మోడల్‌కి రాసింది ఇంకో మోడల్‌కి అలాగే వదిలేస్తే తప్పులు కాక ఏముంటాయి. మామూలు మనుషులకి కనపడే పేజీలో ఆ వివరం పెట్టడం మొదలుపెడితే వాళ్ళే సరిగ్గా నింపుతారు, తప్పు కనపడగానే ఫోన్లు వస్తాయి కాబట్టి.

ఇన్నాళ్ళూ ఈ పని ర్యామ్ అమ్మే కంపెనీలే చేశాయి. క్రూషియల్ వాళ్ళ సైట్లో మోడల్ నంబర్ కొడితేనో, వాళ్ళ స్కానర్ నడిపితేనో మీ మెషిన్‌కి ఏది పడుతుందో చూపించేది, నేనే చాలామందికి అది చూడమని చెప్పాను. 2025 డిసెంబర్లో క్రూషియల్ బ్రాండు ఓనరైన మైక్రాన్ కంపెనీ ఆ క్రూషియల్ వినియోగదారుల వ్యాపారం నుంచి తప్పుకుంటున్నామని ప్రకటించింది, డేటా సెంటర్ల నుంచి డిమాండ్ అంత పెరిగింది మరి. అమ్మే కంపెనీ వెళ్ళిపోతే ఆ పట్టికల్ని రేపు ఎవరు చూస్తారు? ఒక మెషిన్‌లో ఏం పడుతుందనే సమాచారం ఆ మెషిన్‌తోనే ఉండాలి గానీ ఎక్కడో ఒక వ్యాపారి దగ్గర ఉండటం ఏంటండీ.

ఇక స్టిక్ మీద ఉండే స్టిక్కర్ సంగతి. పాత ర్యామ్ తీసి అదే నంబర్ చూపించి ఇంకోటి కొనుక్కోండి అని సలహా ఇస్తారు చాలామంది, మంచి సలహానే. కానీ ఒక ల్యాప్‌టాప్ ర్యామ్ స్టిక్కర్ మీద ఏముంటుందో చూడండి: "8జీబీ 1ఆర్‌ఎక్స్8 పీసీ4-3200ఏఏ-ఎస్ఏ2-11". ఇందులో 8జీబీ సరే. 1ఆర్ అంటే ఒక ర్యాంకు, అంటే కలిసి పనిచేసే చిప్స్ గుంపు ఒకటి, ఎక్స్8 అంటే ఒక్కో చిప్ ఎనిమిది బిట్ల వెడల్పు. పీసీ4 అంటే డీడీఆర్4. 3200 స్పీడు, ఏఏ అనేది టైమింగ్ గ్రేడు. తర్వాత ఎస్ అనే ఒక్క అక్షరం ఉంది చూశారా, అదే ఇది ల్యాప్‌టాప్ సైజు అని చెప్పేది. మొత్తం స్టిక్కర్‌లో కొత్తవాళ్ళకి కావాల్సినవి నాలుగే, ఎన్ని జీబీ, ఏ తరం, ఎంత స్పీడు, ల్యాప్‌టాప్‌దా డెస్క్‌టాప్‌దా, అందులో మూడు కోడ్‌లోనే దాగి ఉన్నాయి. అది చాలదన్నట్టు అమ్మేచోట అదే ర్యామ్‌ని పీసీ4-25600 అని రాస్తారు. ఇది వేరే స్పీడేమో అనుకుంటారు పాపం. 3200ని 8తో గుణిస్తే 25600, సెకనుకి ఎన్ని మెగాబైట్లు పోతాయో ఆ లెక్క. డీడీఆర్3 1600కి పీసీ3-12800 కూడా అలాగే. రెండు పేర్లూ ఒకే సరుకుకి. ఏదో ఒక పేరు ఉంచి రెండోది తీసెయ్యమని జెడెక్ వాళ్ళకీ అమ్మేవాళ్ళకీ ఎవరైనా గట్టిగా చెప్పాలి.

ఇంకోటి, కొన్నాక సీపీయూ-జెడ్ లాంటి ప్రోగ్రాములో చూస్తే 3200 ర్యామ్‌కి 1600 అని చూపిస్తుంది. మోసపోయామని గొడవకి వెళ్ళినవాళ్ళు కూడా ఉన్నారు. మోసమేం లేదు, డీడీఆర్‌లో గడియారం ఒక్కసారి కొట్టుకుంటే డేటా రెండుసార్లు పోతుంది, అందుకని గడియారం 1600 అయితే డేటా 3200. బాక్స్ మీద మెగాహెర్ట్జ్ అని రాయడం వల్ల వచ్చిన తంటా ఇదంతా. విండోస్ 11లో ఈమధ్య టాస్క్ మేనేజర్‌లో ఆ మాట తీసేసి ఎంటీ/ఎస్ (సెకనుకి ఎన్ని మిలియన్ల సార్లు డేటా పోతుందో ఆ లెక్క) అని పెట్టారు, అది సరైన పనే.

గాటు అన్ని తప్పుల్నీ ఆపుతుంది అనుకోవద్దు. నాకు బాగా తెలిసిన ఒక మేష్టారు ఉన్నారు, రిటైరయ్యాక పిల్లలకి ఆన్‌లైన్లో లెక్కలు చెప్తారు, పాత ల్యాప్‌టాప్, 4 జీబీ. క్లాసు మధ్యలో హ్యాంగ్ అవుతోందని ఎవరో చెప్తే డీడీఆర్3 ర్యామ్ తెచ్చుకుని, ఓపిగ్గా వీడియో చూసి, స్క్రూలన్నీ వరసగా కాగితం మీద పెట్టుకుని, చక్కగా వేశారు. స్టిక్ దిగింది, క్లిప్పులు టిక్కుమన్నాయి. ఆన్ చేస్తే డిస్‌ప్లే లేదు. నాకు ఫోన్ చేసి "బాబూ, దీన్ని పాడుచేశానంటావా" అన్నారు, ఆ గొంతు వింటే నాకే బాధేసింది. వెళ్ళి చూస్తే ఆయన చేసిన పనిలో ఒక్క లోపం లేదు. ఆ ల్యాప్‌టాప్‌కి 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ కావాలి, ఆయనకి ఇచ్చింది 1.5 వోల్టుల మామూలు డీడీఆర్3. రెండిటికీ గాటు ఒకేచోట ఉంటుంది, 204 పిన్నులే, చూడ్డానికి అచ్చు ఒకేలా ఉంటాయి, స్టిక్కర్‌లో పీసీ3 పక్కన ఎల్ అనే అక్షరం ఉందా లేదా అన్నదే తేడా. 2013 ప్రాంతం నుంచి వచ్చిన చాలా ల్యాప్‌టాప్‌లు ఇలాంటివే, ఎల్ ఉన్నదే అడుగుతాయి. సరైనది వేశాక వెంటనే ఆన్ అయింది. కానీ ఆ రెండ్రోజులూ ఆయన పడ్డ ఆందోళన ఎవరి లెక్కలోకి వస్తుంది? స్లాట్ పక్కన బోర్డు మీద "డీడీఆర్3ఎల్ మాత్రమే" అని ఒక్క ముక్క అచ్చువేస్తే పోయేది.

అందుకే నా రెండో కోరిక, వెనక మూత లోపలివైపు స్లాట్‌కి ఎదురుగా ఒక స్టిక్కర్. ఏ రకం, ఎంత దాకా, ఏ స్లాట్ ముందు నింపాలి. డెస్క్‌టాప్ బోర్డుల్లో నాలుగు స్లాట్లుంటే రెండు స్టిక్కులు ఎక్కడ వెయ్యాలో కూడా చాలామందికి తెలీదు, పక్కపక్కన వేసేస్తారు, మామూలుగా ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండోది, నాలుగోది. అలా వేస్తేనే రెండు చానెళ్ళూ, అంటే ప్రాసెసర్‌కీ మెమరీకీ మధ్య ఉన్న రెండు దారులూ, కలిసి పనిచేస్తాయి. ఇది మాన్యువల్లో ఉంటుంది, మాన్యువల్ ఎక్కడుంటుందో ఎవరికీ తెలీదు. ఫ్రేమ్‌వర్క్ అనే కంపెనీ 2021లో తెచ్చిన ల్యాప్‌టాప్ లోపల పార్టుల మీద క్యూఆర్ కోడ్లు అచ్చువేసింది, ఫోన్‌తో స్కాన్ చేస్తే ఆ పార్టు వివరం, మార్చే పద్ధతి వస్తాయి. ఒకళ్ళు చెయ్యగలిగింది మిగతావాళ్ళు ఎందుకు చెయ్యలేరు.

మూత సంగతి కూడా చెప్పాలి. పాత ల్యాప్‌టాప్‌ల కింద ర్యామ్‌కి విడిగా ఒక చిన్న తలుపు ఉండేది, ఒకటో రెండో స్క్రూలు తీస్తే స్లాట్లు కనిపించేవి, మదర్‌బోర్డు, బ్యాటరీ వైర్లు ఏవీ ముట్టుకునే పనే లేదు. సన్నగా చెయ్యాలనే తాపత్రయంలో ఆ తలుపు ఎగిరిపోయింది. ఇప్పుడు కింద పలకంతా ఊడదియ్యాలి, కొన్ని స్క్రూలు రబ్బరు కాళ్ళ కింద దాచిపెడతారు, పొడుగువి పొట్టివి కలిసి ఉంటాయి, స్క్రూలు తీశాక కూడా ప్లాస్టిక్ క్లిప్పులు పట్టుకుని ఉంటాయి, ఆ టప్ టప్ శబ్దానికే కొత్తవాళ్ళు విరిగిపోయిందనుకుని వదిలేస్తారు. ఆ చిన్న తలుపు మళ్ళీ రావాలి. తలుపు ఉంటే సన్నదనం కాస్త తగ్గొచ్చు, తగ్గనివ్వండి.

సోల్డర్ చెయ్యడం గురించి నాకు కోపం ఉన్నా కారణం లేదని మాత్రం అనను. ల్యాప్‌టాప్‌లలో వాడే ఎల్పీడీడీఆర్ రకం తక్కువ కరెంటు తింటుంది, బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది, ప్రాసెసర్‌కి ఎంత దగ్గరగా ఉంటే అంత స్పీడుగా నడపొచ్చు. 2008లో మొదటి మ్యాక్‌బుక్ ఎయిర్‌లోనే సోల్డర్ చేశారు, 2012లో రెటీనా మ్యాక్‌బుక్ ప్రోలోనూ అదే, తర్వాత మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి. కానీ ఇప్పుడు ఆ సాకు కూడా పలచబడుతోంది. డెల్ 2022లో క్యామ్ అనే కొత్తరకం మాడ్యూల్ తెచ్చింది, బోర్డు మీద బల్లపరుపుగా పడుకుని స్క్రూలతో బిగుసుకుంటుంది, దాన్నిబట్టి జెడెక్ 2023 డిసెంబర్లో క్యామ్2 స్టాండర్డ్ ప్రకటించింది, ఎల్పీడీడీఆర్ మెమరీని కూడా మార్చుకునే మాడ్యూల్‌గా పెట్టొచ్చు అందులో. 2024లో లెనోవో థింక్‌ప్యాడ్ పీ1లో ఆ రకం వచ్చింది కూడా. అది ఖరీదైన మోడళ్ళ దగ్గరే ఆగిపోకుండా మామూలు ల్యాప్‌టాప్‌లకి రావాలి, అసలు అవసరం అక్కడే ఉంది, ఎందుకంటే తక్కువ ర్యామ్‌తో కొనేది వాళ్ళే, తర్వాత పెంచుకుందాంలే అనుకునేదీ వాళ్ళే.

అంతవరకు కనీసం అమ్మేటప్పుడు చెప్పండి. బాక్స్ మీద "8 జీబీ ర్యామ్" అని పెద్దక్షరాల్లో రాస్తారు, అది సోల్డర్ చేసిందా స్లాట్‌లో ఉందా అన్నది ఎక్కడో అడుగున ఉంటుంది, చాలాసార్లు ఉండనే ఉండదు. ఫ్రాన్స్‌లో 2021 జనవరి నుంచి ల్యాప్‌టాప్‌లకి రిపేర్ చేసుకోవడం ఎంత సులువో చెప్పే స్కోరు పదికి ఇన్ని అని చూపించాల్సిందే అని రూల్ పెట్టారు. అంత పెద్ద స్కోరు కాకపోయినా ర్యామ్ పెంచుకోవచ్చు, పెంచుకోలేరు అనే ఒక్క లైను ధర పక్కనే ఉండాలి. వారంటీ మాట కూడా అక్కడే రాయాలి. స్క్రూ మీద "తీస్తే వారంటీ చెల్లదు" అని చిన్న స్టిక్కర్ వేసి భయపెట్టడం కంపెనీలకి అలవాటు. 2018 ఏప్రిల్లో అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇలాంటి షరతుల మీద ఆరు కంపెనీలకి హెచ్చరిక లెటర్లు పంపింది కూడా. ర్యామ్ వేసుకోవడానికి మూత తీస్తే వారంటీ ఉంటుందో పోతుందో తేలిగ్గా ఒక్క వాక్యంలో చెప్తే జనం ధైర్యంగా నిర్ణయం తీసుకుంటారు.

వేసిన తర్వాత వచ్చే గండం ఇంకోటి ఉంది, ఆన్ చెయ్యగానే నల్ల స్క్రీన్. స్టిక్ సరిగ్గా దిగకపోతే డెస్క్‌టాప్ అయితే బీప్‌లు కొడుతుంది లేదా ఒక లైటు వెలుగుతుంది, ల్యాప్‌టాప్ అయితే కొన్నిట్లో క్యాప్స్‌లాక్ లైటు మిణుకుమిణుకుమంటుంది, ఎన్నిసార్లు మిణుకుమంటే ఏం అర్థమో కంపెనీకో రకం. డీడీఆర్5 అయితే స్టిక్ అంతా సరిగ్గా ఉన్నా మొదటిసారి ఆన్ చేసినప్పుడు మెమరీని పరీక్షించి సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు పట్టొచ్చు, అంతసేపూ స్క్రీన్ మీద ఏమీ రాదు. తెలీనివాళ్ళు ఆ కొన్ని నిమిషాల్లోనే పవర్ పీకేసి, మళ్ళీ పెట్టి, మళ్ళీ పీకి, చివరికి మొత్తం పోయిందని పెట్టెలో పెట్టేస్తారు. మెమరీ సిద్ధం కాకుండా డిస్‌ప్లే రావడం కష్టమని నాకూ తెలుసు, అందుకని స్క్రీన్ మీదే చెప్పమని అడగట్లేదు, ర్యామ్ బాక్సులో ఒక చిన్న కాగితం మీద "మొదటిసారి కొన్ని నిమిషాలు నల్లగానే ఉంటుంది, ఆపొద్దు" అని పెద్దక్షరాల్లో రాయమంటున్నా. అంతే, ఒక్క కాగితం.

డిస్‌ప్లే రాకపోతే చెయ్యాల్సింది కూడా పెద్దదేం కాదు. పవర్ తీసేసి, స్టిక్ బయటికి తీసి మళ్ళీ గట్టిగా వెయ్యాలి, డెస్క్‌టాప్‌లో రెండు చివర్లా క్లిప్పులు వాటంతటవే లేచి పట్టుకోవాలి, ల్యాప్‌టాప్‌లో ఏటవాలుగా లోపలిదాకా తోసి, బంగారు రంగు గీతలు దాదాపు కనపడకుండా పోయాక కిందకి నొక్కాలి. అప్పటికీ రాకపోతే పాత స్టిక్ ఒక్కటే పెట్టి చూడాలి, తర్వాత కొత్తది ఒక్కటే. వచ్చాక విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ అని వెతికి ఒకసారి టెస్ట్ నడిపితే మంచిది. పని మొదలుపెట్టే ముందు ఛార్జర్ తియ్యడం, లోపల బ్యాటరీ కనెక్టర్ ఊడదియ్యడం, చేత్తో ఒకసారి ఏదైనా లోహాన్ని ముట్టుకోవడం, స్టిక్‌ని అంచులు పట్టుకుని ఎత్తడం, ఇవి మర్చిపోకూడదు. మన ఒంట్లో ఉండే స్టాటిక్ కరెంటు మనకి చురుక్కుమనకపోయినా చిప్‌ని దెబ్బతియ్యగలదు.

కొత్తవాళ్ళు ఎక్కువగా అడిగే ఇంకొన్ని ఉన్నాయి. 8 జీబీ పక్కన 16 వెయ్యొచ్చా అంటే చాలా మెషిన్లలో వెయ్యొచ్చు, స్పీడులు వేరైతే రెండూ తక్కువ దానికి దిగుతాయి. 32 బిట్ విండోస్ ఉన్న పాత కంప్యూటర్‌లో 4 జీబీ దాటి వేసి లాభం లేదు, ముందు 64 బిట్‌కి మారాలి. డెస్క్‌టాప్‌కి బాక్స్ మీద 3600 అని ఉన్నది కొన్నా బయోస్‌లో ఎక్స్ఎంపీ (బాక్స్ మీద రాసిన స్పీడుకి ర్యామ్‌ని పెట్టే సెట్టింగ్) ఆన్ చెయ్యకపోతే తక్కువ స్పీడులోనే నడుస్తుంది, ఇది కూడా ఎవరూ చెప్పరు, చాలామంది ఏళ్ళ తరబడి తెలీకుండానే వాడేస్తున్నారు. సర్వర్లలో వాడే రిజిస్టర్డ్ ర్యామ్ చవగ్గా దొరుకుతోందని మామూలు పీసీకి కొనొద్దు, పనిచెయ్యదు.

ఇదంతా పెద్ద చదువేం కాదండీ. 4 జీబీ మెషిన్‌కి ఇంకో 4 కలిస్తే అది ఇంకొన్నేళ్ళు హాయిగా పనిచేస్తుంది, అలాంటి మెషిన్లు ఎన్నో మూలన పడుతున్నాయి, పాడైపోయి కాదు, ఏది కొనాలో తెలీక. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగిపోయాక ఇంకా ఎక్కువ పడుతున్నాయి. వాటిలో చాలావాటికి విండోస్ 11 ఎక్కదు, కానీ కాస్త ర్యామ్ కలిపి లినక్స్ వేసుకుంటే పిల్లల చదువుకీ, ఉత్తరాలు రాసుకోడానికీ, వీడియోలు చూసుకోడానికీ ఏ లోటూ ఉండదు.

మిమ్మల్ని కోరేది ఒకటే. మీ పేజీలో కొత్త ల్యాప్‌టాప్‌ల రివ్యూ వేసినప్పుడు స్క్రీన్ సైజు, బరువు, బ్యాటరీ రాస్తారు కదా, దానితోపాటు మూడు వివరాలు వెయ్యండి: ర్యామ్ సోల్డర్ చేసిందా స్లాట్‌లో ఉందా, ఖాళీ స్లాట్లు ఎన్ని, గరిష్టంగా ఎన్ని జీబీ పడుతుంది. కంపెనీని అడగండి. వాళ్ళు చెప్పకపోతే ఆ గడిలో "కంపెనీ చెప్పలేదు" అని అచ్చువెయ్యండి. ప్రతి రివ్యూలో ఆ మాట కనపడుతుంటే ఎన్నాళ్ళు చెప్పకుండా ఉంటారో చూద్దాం.

ఇట్లు,
మీ పాఠకుడు